ఇరవై ఎనిమిది రాగి ముక్కలు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. నాలుగింటికి ప్రాసిక్యూటర్ సంతకం పెడతాడు. ఆ సంతకం పడిందంటే తొబియాస్ అనే వెల్డరు హంతకుల పద్దులో జమ అయిపోయి పెద్ద జైలుకు వెళ్తాడు. అక్కడికి వెళ్లినవాడి కేసు విచారణకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది.

దేలియా మగ్సినో చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు. దాన్ని మూడు వాటాలు వేసింది. లాకప్పులో అరగంట, పడవల షెడ్డులో గంటన్నర, మిగిలింది వాదనకు. వాదనకు అనుకున్నదానికంటే ఎక్కువే ఖర్చవుతుందని ఇరవై రెండేళ్లు కరెంటు సామాన్ల కొట్టు నడిపిన మనిషిగా ఆమెకు తెలుసు. భర్త పోయాక కొట్టు మూసేసింది. ఇప్పుడు షాకు కొట్టి చచ్చినవాళ్లవీ, షెడ్లు తగలబడినవాళ్లవీ నిజానిజాలు తేల్చిపెడుతుంది. సాన్ తెల్మో రేవులో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఆతె. అంటే అక్క.

తొబియాస్‌కి ముప్పై నాలుగేళ్లు. మెడ నిండా నిప్పురవ్వలు కాల్చిన మచ్చలు. గోడకేసి చూస్తూ కూర్చున్నవాడు ఆమెను చూసి లేచాడు. ఎందుకు లేచానా అన్నట్టు మళ్లీ కూర్చున్నాడు.

"నన్ను మాంగ్ సెలో భార్య పంపింది," అంది దేలియా.

"ఆవిడా? ఆవిడ మొగుణ్ణి నేనే చంపానంటున్నారు కదా."

"ఆవిడతోనూ అదే అన్నారు. 'అతను కాదు' అని ఒక్క మాట అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఎందుకు కాదో నాకూ నేరుగా చెప్పలేదు, బుధవారం ఆయన ఏదో విచారణకి వెళ్లాల్సి ఉందని మాత్రం అంది. నువ్వు చెప్పు. ఏ నిమిషానికి ఏం జరిగిందో వరసగా చెప్పు. ఏడవకు."

"ఏడుపు రావడం లేదు ఆతె. అదే భయంగా ఉంది."

అతను చెప్పాడు. ఎవరో రాసిచ్చిన కాగితం చదువుతున్నట్టు చెప్పాడు.

సోమవారం ఒంటిగంటా నలభైకి ఫోర్‌మన్ మాంగ్ సెలో గ్యాస్ కట్టరు తీసుకుని చేపల పడవ డీజిల్ ట్యాంకులోకి దిగాడు. కడిగి ఆరబెట్టిన ట్యాంకే. లోపల అడ్డగోడలతో మూడు గదులు. ఆయన చివరి గదిలోకి పాక్కుంటూ వెళ్లాడు. పైనుంచి బ్లోయరు గాలి కొడుతోంది. ట్యాంకు మూతి దగ్గర కాపలా కూర్చున్నది షెడ్డు ఎలక్ట్రీషియన్ కులాస్. రెండింటికి యజమాని బెర్తో వచ్చి, పడవ సాయంత్రం పోటుకి నీళ్లలో దిగాలి, అయిదుగురూ కలిసి అడుగు అతుకు మీద పడండి అన్నాడు. రెండూ నాలుగు నిమిషాలకి కరెంటు పోయింది.

"గడియారం చూశావా?"

"పక్కవాడి ఫోన్లో పాట ఆగింది ఆతె. చార్జింగులో ఉంది. వాడు తిడుతూ టైము చెప్పాడు."

"తర్వాత?"

"కులాస్ కోసం కేకేశాం. అది అతని పని. పలకలేదు. బోర్డుకి దగ్గరున్నది నేనే. ఆరడుగులు. వెళ్లి చూస్తే మెయిను బ్రేకర్ పిడి మధ్యలో ఉంది."

"మధ్యలో అంటే?"

"పైకీ లేదు, కిందకీ లేదు. పూర్తిగా కిందకి నొక్కి, మళ్లీ పైకి ఎత్తాను. రెండూ పది. లైట్లొచ్చాయి. మళ్లీ పడకుండా ఈసారి ఇద్దరిద్దరం వంతులేసుకుని అంటించాం."

దేలియా 'మధ్యలో' అన్న మాట దగ్గర ఆగింది. చేత్తో ఆపేసిన బ్రేకర్ పిడి అడుగున ఉంటుంది. బరువు మోయలేక తనంతట తాను పడిపోయిన బ్రేకర్ పిడే మధ్యలో నిలుస్తుంది. అబద్ధమాడేవాడికి ఈ తేడా తెలియదు. తెలిసినవాడైతే దాన్ని ఇంత నిర్లక్ష్యంగా చెప్పడు.

"బ్లోయరు?"

"లైట్లతోపాటు అదీ తిరుగుతుందనుకున్నాను. అక్కడ చేరి మూడు వారాలే అయింది. పాతచోట ఫ్యానే, గోడకి ప్లగ్గు పెట్టేవాళ్లం. ఇక్కడ దానికి వేరే బటన్ ఉందట. రెండూ నలభైకి పైకి తీశారు. ఆయన తలదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అది బ్యాటరీది."

"శనివారం గొడవెందుకు? మాంగ్ సెలోని చంపుతానన్నావట."

"నీ అంతు చూస్తానన్నాను. రాగి ముక్క చెత్తలోకి ఊడ్చానని అందరి ముందూ చెంప పగలగొట్టాడు. అక్కడో డబ్బా ఉంది ఆతె, యజమాని బల్ల పక్కన. పైన చీలిక, కింద తాళం. వేలెడు రాగి దొరికినా అందులో వెయ్యాలి. ఏడాదికోసారి అమ్మి తిరునాళ్లకి పందిని కాలుస్తారు. పాతవాళ్లకి అది అలవాటు. మాట్లాడుతూనే చూడకుండా వేసేస్తారు. నాకింకా రాలేదు."

"డబ్బా తాళంచెవి?"

"మాంగ్ సెలో మెడలో. శనివారం సాయంత్రమే ఖాళీ చేసి అమ్మాం. ఆదివారం తిరునాళ్లు కదా, షెడ్డు మూశారు. నేను మా ఊళ్లో ఉన్నాను. పిల్లకి బాప్తిజం. నలభై మంది వచ్చారు. సోమవారం తెల్లారి బస్సు దిగి నేరుగా పనికే వెళ్లాను."

దేలియా లేచింది. ఒకటీ ముప్పై ఎనిమిది. రెండు నిమిషాలు మిగిలాయి.

*

సార్జెంట్ కబుహాత్ షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, సంచిలో పోయించుకున్న కోలా గొట్టంతో పీలుస్తున్నాడు. పదకొండేళ్లుగా ఈ రేవులో ఏ చావు జరిగినా అతనే. మరుసటి రోజుకి ఏదీ మిగల్చడని పేరు.

"రండి, బ్రేకర్ల మహారాణి గారూ," అన్నాడు లేవకుండానే. "ఆ బోర్డు మీరమ్మిందేగా? గ్యారంటీ ఇంకా ఉందా, చూసుకుందామని వచ్చారా?"

"పన్నెండేళ్లయింది. గ్యారంటీ ఒక్క ఏడాదే."

"అయితే మీకిక్కడ పని లేదు. బ్రేకర్ పిడి మీద తొబియాస్ వేలిముద్రలు. శనివారం బెదిరింపు. సోమవారం చావు. ఇంకేం కావాలి? మీ సరుకు మీద మాట రాకూడదని వచ్చారు. అంతేగా?"

"అదీ ఉంది," అంది దేలియా. "నా సరుకు తప్పైతే ఆ మాట ముందు నేనే చెప్తాను. ఆ బోర్డు పెట్టె తెరవండి."

"సీలు వేశాను."

"వేసిన చెయ్యి మీదే, తీసే చెయ్యీ మీదే. నేను ముట్టను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను."

"నాలుగింటికి ప్రాసిక్యూటర్ దగ్గరుండాలి నేను."

"తప్పుడు మనిషిని పట్టుకుని వెళ్తే అయిదింటికి మళ్లీ వెళ్లాలి. రెండుసార్లు తిరగడం మీకు గిట్టుబాటు కాదు సార్జెంట్."

అతను కోలా చివరిదాకా లాగాడు. సంచి చప్పబడింది. లేచాడు.

స్తంభం దగ్గరే కరెంటు తీయించారు కాబట్టి బోర్డు చచ్చి పడి ఉంది. టేపు చించి తలుపు తీశాడు. తలుపు లోపలివైపు అట్టముక్క మీద దేలియా చేతిరాత. పన్నెండేళ్ల కిందటి పెన్సిలు. సార్జెంట్ దాన్ని చూసి నవ్వాడు.

"మీ కాగితమే నా సాక్షి. నేనూ లెక్క తెలిసినవాళ్లని అడిగొచ్చాను. ఎనిమిది వెల్డింగు పాయింట్లకి కట్టిన మెయిను ఇది. నిన్న కాలుస్తున్నది అయిదుగురే. ఎనిమిది మందిని మోసేది అయిదుగురికి పడిపోదు. అంటే ఎవడో చేత్తో ఆపాడు. అవునా కాదా?"

"అవును. నూట యాభై ఆంపియర్లది అయితే పడదు."

"ఒప్పుకున్నారు కదా!"

"ఎందుకు పడదో కూడా వినండి. ఒక్కో మిషను నలభై ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది నలభైలు మూడు వందల ఇరవై. మరి నూట యాభైతో ఎందుకు సరిపెట్టాను? వెల్డరు పూటంతా కాల్చడు. రాడ్డు మారుస్తాడు, చిట్టెం కొడతాడు, ముసుగెత్తి చూసుకుంటాడు, పక్కవాణ్ణి తిడతాడు. ఆ ఖాళీ తీసేస్తే నలభై కాస్తా ఇరవై అయిదుకి దిగుతుంది. పైగా అందరూ ఒక్కసారే అంటించరు. మొదటి ఇద్దరికీ పూర్తిగా పట్టి, మూడోవాడి నుంచి తగ్గించుకుంటూ పోతే మొత్తం నూట నలభై తొమ్మిది. అందుకని నూట యాభై. బ్రేకర్ కూలివాడి లాంటిది సార్జెంట్. రెట్టింపు బరువు పెట్టినా ఒక్క నిమిషం మోస్తాడు. దించే సమయం ఇవ్వకపోతేనే కూలబడతాడు."

"పాఠం బాగుంది. అయితే?"

"అయితే ఇది నేనమ్మిన బ్రేకర్ కాదు."

సార్జెంట్ నవ్వడం ఆపి వంగి చూశాడు. పిడి మీద 150 అని తెల్లటి అంకె ఉంది. పెట్టె నిండా పన్నెండేళ్ల ఇనుప పొడి, చమురు. అంకె మాత్రం నిన్న సున్నం వేసినట్టుంది. బ్రేకర్‌కి అటూ ఇటూ వేలు పట్టేంత సందు.

"పెద్దన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉన్నాడు చూడండి. ఆ అంకెని గోటితో గీకండి."

గీకాడు. పెచ్చు ఊడింది. కింద ప్లాస్టిక్‌లోనే చెక్కిన అంకె కనిపించింది: 100.

అతను రెండోసారి గీకాడు, మొదటిసారి తప్పు చూశానేమోనన్నట్టు. అంకె మారలేదు.

"అయిదుగురూ కలిసి అంటిస్తే రెండు వందలు," అంది దేలియా. "బ్లోయరు, లైట్లు ఇంకో పదిహేను. నూరు వాడి నెత్తిన రెట్టింపు పైనే. ఎంతసేపు ఆగుతాడు? తొబియాస్ పిడి మధ్యలో ఉందన్నాడు. మీరు రాసుకున్నారా ఆ మాట?"

"రాయలేదు."

"ఇప్పుడు కేబుల్ చూడండి. నూట యాభైకి సరిపడే కేబుల్. ఒక్కో దాంట్లో పందొమ్మిది పోగులు. నూరు బ్రేకర్ నోరు చిన్నది, అంత లావు పట్టదు. బిగించిన చోట ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టండి."

సార్జెంట్ టార్చి వేసి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. "పన్నెండు."

"మిగతా ఏడూ కోసేశారు. కోత ఇంకా మెరుస్తోంది. వచ్చే కేబుళ్లు రెండు, పోయే కేబుళ్లు రెండు. నాలుగు కొసలు. నాలుగు ఏడులెంత?"

"ఇరవై ఎనిమిది."

"ఒకటి అదిగో, పెట్టె అడుగున దుమ్ములో. బొటనవేలంత. మిగతా ఇరవై ఏడూ ఏవి?"

సార్జెంట్ నేలంతా చూశాడు. శుభ్రంగా ఉంది. దేలియా చూడలేదు. ఈ రేవులో రాగి నేల మీద ఉండదు. అయితే పాత సామాన్ల కొట్లో ఉంటుంది, లేకపోతే డబ్బాలో ఉంటుంది. నూరు అన్న అంకె చూసినప్పటి నుంచి ఆమెకు తన కొట్లోని ఓ పాత మధ్యాహ్నం గుర్తొస్తోంది. దాన్ని తర్వాత చూసే బేరంలాగా పక్కన పెట్టింది. రెండూ ఇరవై ఏడు.

*

ఎలక్ట్రీషియన్ కులాస్‌ని పిలిపించారు. నలభై ఏళ్ల మనిషి. నిన్నటి చొక్కానే వేసుకున్నాడు.

"నీ పనే," అన్నాడు సార్జెంట్. "షెడ్డులో బ్రేకర్ ముట్టేది నువ్వొక్కడివే."

"నేనైతే పోగులు కొయ్యను సార్. కొసకి చిన్న లగ్గు, అదే రాగి చెవి, వేసి బిగిస్తాను. ఇది తొందరలో చేసిన పని. చేతకానివాడి పని కూడా కాదు, ఒకప్పుడు చేసి మానేసినవాడి పని."

"ఆదివారం ఎక్కడున్నావు?" దేలియా అడిగింది.

"తాగి ఇంట్లో పడున్నాను. షెడ్డు గేటు తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి ఆతె. మాంగ్ సెలో దగ్గరొకటి, బాస్ దగ్గరొకటి."

"నిన్న రెండింటికి ట్యాంకు మూతి వదిలి ఎందుకు వెళ్లావు?"

"రెండూ రెండుకి బాస్ గోడౌన్ నుంచి గొట్టం చుట్ట తెమ్మన్నాడు. తాళాల గుత్తి ఇచ్చాడు. అందులో పందొమ్మిది ఉన్నాయి. అన్నీ పెట్టి చూశాను. గోడౌన్‌ది అందులో లేదు."

"ఎంతసేపు చూశావు?"

"రెండుసార్లు చూశాను, అన్నీ. తిరిగొచ్చేసరికి రెండూ ఇరవై అయిదు. మిషన్లు చెవులు పగిలేలా మోగుతున్నాయి. లైట్లు వెలుగుతున్నాయి. వచ్చి నా చోట్లో నేను కూర్చున్నాను."

"బ్లోయరు తిరుగుతోందా?"

కులాస్ చేతులు చూసుకున్నాడు.

"కులాస్."

"గాలి గొట్టం నా కాళ్ల దగ్గరే ఉంది. చప్పబడి ఉంది. గాలి ఉంటే ఉబ్బుతుంది కదా ఆతె. చప్పబడి ఉంది. నేను చూడలేదు. పదిహేను నిమిషాలు దాని పక్కనే కూర్చున్నాను. సిగరెట్టు కూడా కాల్చాను."

అతని గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. సార్జెంట్ రాసుకోబోయి, పెన్ను దించాడు.

"ఆయన పిలిచి ఉంటాడా?" అడిగాడు కులాస్.

"లేదు," అంది దేలియా. "మూడో గదిలో ఉన్నాడు. కట్టరు మంట హోరులో బ్లోయరు ఆగిన సంగతే తెలిసుండదు. ఆ మంటే లోపలి గాలిని తినేసింది. మనిషికి నిద్ర వస్తున్నట్టుంటుంది, అంతే."

అది నిజమో కాదో ఆమె తూచలేదు. ఒక్కోసారి సరుకు తూకం వెయ్యకుండానే ఇచ్చెయ్యాలి.

*

బెర్తో కతిందిగ్ రెండూ యాభైకి వచ్చాడు. యాభై అయిదేళ్లు, ఇస్త్రీ చొక్కా, బంగారు గడియారం. ముప్పై ఏళ్ల కిందట ఇదే షెడ్డులో రెండో నంబరు పాయింటు దగ్గర వెల్డరు. తర్వాత యజమాని కూతుర్ని చేసుకుని యజమాని అయ్యాడు. తన బల్ల వెనక కూర్చుని ముగ్గురికీ కుర్చీలు చూపించాడు. కులాస్ మాత్రం నిలబడే ఉన్నాడు.

"ఆతె దేలియా! ఎన్నేళ్లయింది. కొట్టు మూసేశారట కదా."

"మూసేశాను."

"మంచి మనిషికి వ్యాపారం కలిసిరాదు. ఏం సార్జెంట్, పని అయిపోయిందన్నారు కదా?"

సార్జెంట్ బ్రేకర్ సంగతి చెప్పాడు. బెర్తో చివరిదాకా విని తల పంకించాడు.

"అయితే సెలోయే మార్చి ఉంటాడు పాపం. గేటు తాళం ఆయన దగ్గరా ఉంది. పాతది చెడిపోయిందేమో, దొరికింది పెట్టాడేమో. తన చావు తనే కొనితెచ్చుకున్నట్టయింది. తొబియాస్‌ని వదిలెయ్యండి. నాకేం అభ్యంతరం లేదు."

బేరం బాగుంది అనుకుంది దేలియా. ఒక్క మాటతో కేసు ప్రమాదమైపోతుంది. తొబియాస్ బయటికొస్తాడు, చచ్చినవాడు ఎదురు చెప్పడు, సార్జెంట్ ఇంటికి పోతాడు. అందరికీ లాభమే. అందరికీ లాభమొచ్చే బేరాన్ని ఆమె ఎప్పుడూ రెండోసారి లెక్క చూసుకునేది.

సార్జెంట్ ఆమెవైపు తిరిగాడు. "వినండి మరి. మీకు కావలసిందీ అదేగా. నాలుగింటికి ప్రమాదం అని రాసేస్తాను."

"ఎప్పుడు మార్చాడంటారు?"

"శనివారం సాయంత్రం దాకా పని నడిచింది. సోమవారం పొద్దునే గేటు తీసినప్పటి నుంచీ షెడ్డు నిండా జనమే. మధ్యలో ఉన్నది ఆదివారమే."

"ఆదివారం దేవుడి ఊరేగింపులో మీరు పల్లకీ మోశారు కదా సార్జెంట్?"

"మోశాను. ఏటా మోస్తాను."

"మీ పక్కన ఎవరు?"

సార్జెంట్ చెయ్యి తన భుజం మీదికి వెళ్లింది. "సెలో. ముందు కొయ్య, ఎడమ పక్క."

"ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?"

"పొద్దున అయిదున్నర నుంచి మూడు దాకా. తర్వాత మా ఇంట్లో తిన్నాడు. రాత్రి ఎనిమిదింటికి మా ఆవిడే గిన్నెలో కూర కట్టిచ్చి పంపింది. శనివారం రాత్రి గుళ్లోనే పడుకున్నాం, మోసేవాళ్లందరం." టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆదివారం రాత్రి కూడా... ఎనిమిదింటికి వాడికి నిలబడే ఓపిక లేదు. భుజం వాచిపోయింది."

"మీ భుజం?"

"ఇప్పటికీ ఎత్తలేకపోతున్నాను."

అతను ఇంక వెటకారం ఆడలేదు. దేలియా జేబురుమాలు విప్పి, పెట్టె అడుగు నుంచి సార్జెంట్ చేత తీయించుకున్న రాగి ముక్కని బల్ల మీద, బెర్తోకి ఎదురుగా పెట్టింది.

"మీరెక్కడున్నారు బెర్తో, ఆదివారం?"

"ఇంటినిండా చుట్టాలు. తిరునాళ్లు కదా."

"రేపు, బుధవారం, ఆ మునిగిన పడవ మీద విచారణ ఉంది. తొమ్మిది మంది పోయారు. అడుగు అతుకు విడిపోయిందంటున్నారు. అది ఈ షెడ్డులోంచే వెళ్లింది. మాంగ్ సెలోకి రమ్మని కాగితం వచ్చిందట."

"వస్తే?"

"మీరు పలచ రేకు వేయించారని చెప్పబోతున్నాడట. ఆయన భార్య అంది."

"పెళ్లాలు చాలా అంటారు ఆతె." బెర్తో నవ్వాడు. నవ్వుతూనే రాగి ముక్కని తీసుకుని వేళ్ల మధ్య దొర్లించాడు. "నన్ను అనుమానిస్తున్నారా? సార్జెంట్, మీరైనా చెప్పండి. పదేళ్లయింది నేను కటింగ్ ప్లేయరు పట్టుకుని. ఆ పెట్టెలో ఏ తీగ ఎటు పోతుందో కూడా నాకు తెలియదు. యజమాని అన్నవాడు కుర్చీలో కూర్చుంటే చాలు, పని చేసేవాళ్లు..."

మాట్లాడుతూనే ఎడమ చెయ్యి పక్కకి చాచాడు. అటు చూడలేదు. చూడక్కర్లేదు. బల్ల పక్కన తాళం వేసిన డబ్బా. పైన చీలిక.

టింగ్.

బెర్తో ఇంకో నాలుగు మాటలు అన్నాడు. అయిదో మాట దగ్గర ఆగిపోయాడు. తన చేతిని చూసుకున్నాడు. అది ఇంకా డబ్బా మీదే ఉంది.

మూడూ ఇరవై రెండు.

"సార్జెంట్," అంది దేలియా, "మాంగ్ సెలో మెడలో దొరికిన తాళంచెవి మీ కవర్లో ఉంది. తియ్యండి."

కవరు చింపే చప్పుడు పెద్దగా వినిపించింది. తాళంచెవికి రేవు దేవుడు సాన్ తెల్మో బిళ్ల కట్టి ఉంది. సార్జెంట్ ఆ బిళ్లని బొటనవేలితో ఒకసారి తడిమాడు. డబ్బా తెరిచి బల్ల మీద బోర్లించాడు. సోమవారం పొద్దుటి పనిలో వచ్చిన సన్నతీగ ముక్కలు, నల్లబడినవి, కొన్ని. వాటి మధ్య మెరుస్తున్న లావుపాటి ముక్కలు. అన్నీ ఒకే పొడవు, ఒకే కోత.

సార్జెంట్ వాటిని వేరు చేసి, ఏడేసి చొప్పున వరస పెట్టాడు. నాలుగు వరసలు. ఏ వరసలోనూ తక్కువ లేదు.

"ఇరవై ఎనిమిది," అన్నాడు. "ఇప్పుడు వేసినదాంతో కలిపి."

"డబ్బా శనివారం సాయంత్రం ఖాళీ చేశారు," అంది దేలియా. "ఆదివారం షెడ్డు తియ్యగలిగినవాళ్లు ఇద్దరు. ఒకడు మీ పక్కన దేవుణ్ణి మోస్తున్నాడు. వేసినవాడికి ముక్కలు పారెయ్యాలన్న ఆలోచనే రాలేదు. ఇక్కడ పెరిగిన చెయ్యి రాగిని పారెయ్యదు. వేశాక గుర్తొచ్చినా లాభం లేదు, తాళంచెవి సెలో మెడలో ఉంది. తర్వాత మీ దగ్గర ఉంది."

సార్జెంట్ ఫోను తీశాడు. మూడూ ముప్పై నాలుగు. "ప్రాసిక్యూటర్ గారూ, కబుహాత్‌ని. తొబియాస్ కాగితం ఆపండి. అవును, ఆపండి. కాదు, ప్రమాదమూ కాదు. నేనే వస్తున్నాను, వేరే మనిషితో." ఫోను పెట్టేసి, కులాస్‌ని గుమ్మంలో నిలబడమన్నాడు. కులాస్ వెళ్లి నిలబడ్డాడు. ఎవరికి కాపలా అని అడగలేదు.

బెర్తో లేవలేదు, అరవలేదు. ముక్కల వరసలకేసి చూస్తున్నాడు.

"నాకు తెలియకుండానే వేసేసింది ఆతె, ఈ చెయ్యి," అన్నాడు. "ఆదివారం కూడా అంతే అయ్యుంటుంది. వేసినట్టే గుర్తు లేదు."

"నమ్ముతాను."

"మిగతాదంతా గుర్తుంది. మీరు చెప్పిందే కదా."

సార్జెంట్ తల తిప్పాడు. "ఎవరు చెప్పింది?"

"ఆవిడే. పన్నెండేళ్ల కిందట, ఆవిడ కొట్లో. నేనూ సెలో వెళ్లాం. కాఫీ ఇచ్చింది. పెన్సిలుతో గీసి మరీ చెప్పింది."

అంతసేపూ పక్కన పెట్టిన మధ్యాహ్నం దానంతట అదే వచ్చి ఎదురుగా కూర్చుంది. గల్లాపెట్టె మీద అట్టముక్క, మూడు కప్పులు. నూరుది చాలదా ఆతె, చవకగా పోతుంది కదా అని బెర్తో. ట్యాంకులో మనిషి ఉన్నప్పుడు పడిపోతే, అని సెలో.

"ఏం చెప్పారు మీరు?" సార్జెంట్ అడిగాడు. పెన్ను చేతిలో ఉంది.

"నూరుది పెడితే, అయిదుగురు కలిసి అంటించిన ఒకటిన్నర నిమిషంలో పడిపోతుందని చెప్పాను. మళ్లీ ఎత్తితే లైట్లొస్తాయి, మిషన్లు నడుస్తాయి, బ్లోయరు మాత్రం దానంతట అది తిరగదు, ఎవరో ఒకరు వెళ్లి పచ్చ బటన్ నొక్కాలని చెప్పాను. ఆ హోరులో అది ఆగిన సంగతి ఎవరికీ వినబడదు, మూతి దగ్గర కాపలావాడు లేకపోతే లోపలి మనిషి ఆశ వదులుకోవలసిందేనని చెప్పాను."

సార్జెంట్ రాసుకున్నాడు. రాయడం అయ్యాక తలెత్తాడు.

"ఇంత వివరంగా ఎందుకు చెప్పారు ఆతె?"

దేలియా బల్ల మీది నాలుగు వరసలూ మరోసారి లెక్కపెట్టింది. సరిగ్గానే ఉన్నాయి.

"పెద్దది అమ్ముదామని," అంది.